బాణము ఆను చోటు: విలువిద్య నేర్చు పిల్లల తల్లిదండ్రులకు

మన పాఠశాలలో విలువిద్య నేర్చుకొను బాలబాలికల తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. విల్లు కొన్నాము, బాణములు కొన్నాము, ఈ రెస్టు అనునది ఏది కొనవలెనని వారి ప్రశ్న. వస్తువు మిక్కిలి చిన్నది. అంగుళమున్నర పొడవుగల ప్లాస్టిక్కు ముక్క కావచ్చును, సన్నని తీగె కావచ్చును, లోపల కుచ్చుగల గుండ్రని చట్రము కావచ్చును. దుకాణములలో ఇట్టివి పదుల కొలది రకములు కానవచ్చుచున్నవి. అమెరికాలోనున్న బంధువులు ప్రేమతో పంపునవియు, ఇంటర్నెట్టు దుకాణములలో పిల్లలు చూచి ముచ్చటపడునవియు చాలవఱకు అచ్చటి వేటగాండ్ర కొఱకు చేయబడినవి. వేటగాని అవసరము వేఱు, మన పిల్లవాని అవసరము వేఱు. డబ్బు మాట యటుంచి, పిల్లవాని చేతి క్షేమము కూడ కొంతవఱకు ఈ చిన్న వస్తువుతో ముడిపడి యున్నందున దీనిని గూర్చి కొంచెము విపులముగానే వ్రాయుచున్నాము.

రెస్టు అనగా విల్లు పట్టుకొను పిడికిలికి పైభాగమున, నారి విడువబడు వఱకు బాణము ఆని యుండెడి చోటు. పూర్వము పిడికిలియే ఆ పని చేసెడిది. అమరకోశమున వింటి నడిమి భాగమునకు లస్తకమను పేరు కలదు; నారి దెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొను తోలుపట్టకు గోధయను పేరు కలదు. ఇంగ్లండు దేశపు పొడవైన విండ్లను వాడినవారును బాణమును వ్రేలి కణుపు మీదనే ఆనించి విడిచిరి. ఇందు రెండు చిక్కులు గలవు. మొదటిది, బాణము దూసికొని పోవునపుడు ఈకల మొదటి అంచు చేతిని గీయును. రెండవది, పిడికిలి ఒక్కొక్క మాఱు ఒక్కొక్క ఎత్తున నిలుచును. చేతివద్ద కొంచెము తేడా ఉన్నచో, అది ముప్పది మీటర్ల దూరమున ఎన్నో రెట్లు పెద్దది కాగలదు. రెస్టు ఈ రెండు చిక్కులను తొలగించుటకై పుట్టినది: బాణము చేతిని తాకకుండుట, ప్రతి మాఱును ఒక్క చోటనే ఆనుట.

ప్రసంగవశమున ఒక మాట. ఆసియా ఖండమున పెక్కు చోట్ల నారిని బొటనవ్రేలితో లాగెడి పద్ధతి యుండెడిది. ఈ పద్ధతి ఎఱిగినవారికి ఏకలవ్యుని కథలోని క్రౌర్యము మఱింత చక్కగా బోధపడును. బొటనవ్రేలితో లాగు కుడిచేతివాటమువాడు బాణమును వింటికి కుడివైపున నుంచును. నేడు మన పిల్లలు నేర్చుకొనునది మూడు వ్రేళ్లతో లాగెడి పద్ధతి. దీనియందు బాణము వింటికి ఎడమవైపున నుండును. ఎడమచేతితో లాగు పిల్లలకు ఇది తాఱుమాఱగును. కావున రెస్టు కొనునపుడు అది కుడిచేతివారిదా, ఎడమచేతివారిదా అని మొదటనే అడుగవలెను. అద్దమున ప్రతిబింబమువలె రెండును ఒక్క తీరున కనబడును గాని, ఒకటి మఱియొకదానికి బదులు పనికిరాదు.

ఇక అసలు విషయము. బాణము వింటినుండి గీత గీసినట్లు తిన్నగా పోవునని మనమందఱము తలంతుము. నిజమునకు అది చేప ఈదినట్లు మెలికలు తిరుగుచు బయలుదేఱును. 1930వ దశాబ్దమున అమెరికాలో క్లారెన్సు హిక్‌మన్ మొదలగు శాస్త్రజ్ఞులు అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలతో దీనిని కన్నులకు కట్టినట్లు చూపిరి. మూడు వ్రేళ్లు నారిని వదలునపుడు నారి వ్రేళ్ల కొనలనుండి ప్రక్కకు దొరలును. వెనుకనుండి నారి బలముగా నెట్టుచుండును, ముందున ములికి బరువు కదలక మొరాయించుచుండును. నడుమ చిక్కిన కాడ ప్రక్కకు వంగును. మరల ఎదుటి ప్రక్కకు వంగును. ఈ ఊగుటవలననే బాణము వింటిని ఒరసికొనకుండ దాని చుట్టును తప్పుకొని పోగలుగుచున్నది. ఎంత వంగవలెనో అంతకు మించి వంగినను, తక్కువగా వంగినను గురి చెడును.

వ్రేళ్లతో గాక మీట నొక్కి నారిని విడుచు పద్ధతి యొకటి కలదు. దీనిని పిల్లలు రిలీజు అందురు. మీటతో విడిచినపుడు నారి ప్రక్కకు దొరలదు. కాడ మీదికిని క్రిందికిని వంగును. కావున వ్రేళ్లతో విడుచు బాణమునకు ప్రక్కనుండి ఊత కావలెను, మీటతో విడుచు బాణమునకు క్రిందినుండి ఊత కావలెను. తల్లిదండ్రులు ఈ యొక్క వాక్యమును జ్ఞాపకముంచుకొన్నచో దుకాణములోని రకములలో సగము వాటంతట అవియే ప్రక్కకు తొలగిపోవును. పిల్లవాడు నారిని దేనితో విడుచుచున్నాడో తెలియకుండ రెస్టు కొనుట, కాలి కొలత తెలియకుండ చెప్పులు కొనుటయే.

సామాన్యముగా కొనలు ముందునకు వంగిన రికర్వు విల్లును వ్రేళ్లతోను, కొనల చక్రములు గల కాంపౌండు విల్లును మీటతోను విడుచుచుందురు. కాంపౌండు విల్లు అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రవాసియగు హాలెస్ విల్బర్ అలెన్ కల్పించినది. దానికి 1969లో పేటెంటు లభించినది. విజయవాడ నగరము ఈ రెండు విద్యలందును పేరుగన్నది. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండు విల్లు. 2024 పారిస్ ఒలింపిక్సులో అంకితా భకత్‌తో కూడి మిశ్రమ జట్టు పోటీలో నాల్గవ స్థానము పొందిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వు విల్లు. ఒక్క ఊరివారే యైనను ఒకరి రెస్టు మఱియొకరికి అక్కఱకు రాదు.

అమెరికా వేటగాండ్ర మాటకు వత్తము. అచ్చట విల్లంబులతో లేళ్లను వేటాడుట ప్రభుత్వపు అనుమతిపై జరుగు వ్యవహారము. విస్కాన్సిన్ రాష్ట్రమున 1934లోనే విలుకాండ్రకు ప్రత్యేకముగా వేట ఋతువు నేర్పఱచిరి. వేటగాడు చలిలో చెట్టుపైన కట్టుకొన్న మంచెమీద గంటల తరబడి కూర్చుండును. బాణమును ముందుగానే తొడిగి యుంచుకొనును. విల్లును వంచవలెను, త్రిప్పవలెను, కొమ్మల సందున దూర్చవలెను. ఆ కదలికలో బాణము రెస్టుమీదినుండి జాఱి వింటి దిమ్మకు తగిలి టక్కుమన్నచో లేడి కంటికి కానరాకుండ పోవును. కావుననే వారు బాణమును చుట్టును మూసి పట్టుకొను రెస్టును కోరుదురు. గుండ్రని చట్రములో బ్రష్షు వెండ్రుకలవంటి కుచ్చు నింపి, నడుమ బాణము పట్టునంత రంధ్ర ముంచిన రకము వారిలో మిక్కిలి ప్రసిద్ధము. విల్లును తలక్రిందులు చేసినను బాణము జాఱదు. దీనిలో కదలెడి భాగములు లేవు గనుక చెడిపోవునదియు తక్కువ. అయితే ఈకలు ప్రతి మాఱును ఆ కుచ్చును ఒరసికొనుచు పోవలసి యుండును. కొంతకాలమునకు ఈకల అంచులు ముడుతలు పడును.

ఈ యొరపిడి లేకుండుటకై మఱియొక రకము పుట్టినది. నారి లాగినపుడు ఇది లేచి బాణమును మోయును. విడిచినపుడు ఈకలు వచ్చు లోపల క్రిందికి పడిపోయి త్రోవ యిచ్చును. దీనిని డ్రాప్ అవే రెస్టు అందురు. సన్నని త్రాడొకటి దీనిని వింటి బద్దకు గాని తీగెకు గాని కలుపుచుండును. త్రాడు కొంచెము వదులైనను బిగిసినను రెస్టు పడవలసిన క్షణము తప్పును. ముందుగా పడినచో బాణమునకు ఊత చాలదు. ఆలస్యముగా పడినచో ఈకలు తగులును. దీనిని సరిచేయుట తెలిసినవాని పని.

వేటగాడు ఇంత శ్రమ పడుటకు కారణము కలదు. వాని ములికికి వెడల్పాటి పదునైన రేకు లుండును. గాలిలో ఆ రేకులు చిన్న ఱెక్కలవలె పనిచేసి, బాణము వంకరగా బయలుదేఱినచో ఆ వంకరను మఱింత పెంచును. సాధారణపు ములికితో సరిగా తగిలిన బాణమే రేకుల ములికితో ప్రక్కకు పోవును. అందుచే శ్రద్ధగల వేటగాడు రెండు రకముల ములుకులతోను ఒక్క గురిని కొట్టి చూచును. రేకుల ములికి ఎడమకు పోవుచున్నచో రెస్టును అంగుళములో ముప్పది రెండవ వంతు మాత్రము కుడికి జరిపి మరల కొట్టును. ఇట్లు రెండును ఒక్క చోట పడు వఱకు పట్టుదలతో చేయును. చేయనివాని బాణము లేడికి ప్రాణము తీయక గాయము మాత్రము చేయును. అది పొదలలోనికి పాఱిపోయి దినముల తరబడి బాధపడి చచ్చును. వేటను మెచ్చని మాకును ఈ జాగ్రత్త మెచ్చదగినదిగనే తోచుచున్నది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధము. రేకుల ములుకులు మన పాఠశాల ఆవరణలోనికి తేగూడదు. బంధువులు పంపినను ఇంటనే తాళము వేసి యుంచుడు.

మన పిల్లవాడు మంచెమీద కూర్చుండడు. చదునైన నేలపై నిలుచుండి, గురిపలకకు ఎదురుగా, ఒక్క తీరున మరల మరల బాణము విడుచును. వానికి కావలసినది బాణమును మూసి పట్టుకొను సాధనము కాదు. ప్రతి మాఱును ఒక్క తీరుగా విడిచిపెట్టు సాధనము. వెదురు విల్లుతో ఆరంభించువానికి పట్టుపైన చిన్న అంచును, దానిపై అతికించిన పలుచని తోలుముక్కయు చాలును. రికర్వు విల్లుతో ఆరంభించువానికి అతికించెడి ప్లాస్టిక్కు రెస్టు చాలును. దాని వెల స్వల్పము. విఱిగినచో విచారింప పనిలేదు. ఏడాది యభ్యాసమైన పిమ్మట, శిక్షకుడు చెప్పినచో, మడుగు తీగెగల రెస్టును, దానితోపాటు ప్లంజరు బటనును కొనవచ్చును. ఈ బటను వింటి దిమ్మలోనుండి పొడుచుకొని వచ్చు చిన్న మేకు. లోపల స్ప్రింగు కలదు. బాణము ప్రక్కకు వంగి నెట్టినపుడు ఇది కొంచెము లోనికి పోయి ఆ తాకిడిని అడచును. ప్రక్కనుండి ఊత యని పైన వ్రాసినది దీనినే. కాంపౌండు విల్లు పట్టు పెద్దపిల్లలకు సన్నని ఉక్కు రేకుతో చేసిన రెస్టు మంచిది. రేకు క్రిందినుండి స్ప్రింగువలె బాణమును మోయును. కుచ్చు రెస్టు బంధువులు పంపినదే యున్నచో కాంపౌండు విల్లుతో నేర్చుకొను తొలిరోజులలో దానిని వాడుట తప్పు కాదు. డ్రాప్ అవే మాత్రము పిల్లలకు వలదని మా యభిప్రాయము. సరిచేయువారు దగ్గఱ లేని చోట అది వేల రూపాయల బొమ్మ యగును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయము. దీనిని దయచేసి రెండు మాఱులు చదువుడు. పిల్లవాడు పెరుగును, వాని చేతులును పెరుగును. నిరుడు వాని కొలతకు కొన్న బాణము ఈ యేడు పొట్టిదగును. నారిని పూర్తిగా లాగినపుడు ములికి రెస్టునకు ముందున నుండవలసినది, రెస్టును దాటి వెనుకకు వచ్చును. అప్పుడు బాణము రెస్టుమీదినుండి జాఱి లోపలికి, అనగా విల్లు పట్టుకొన్న చేతి మీదికి పడును. ఆ క్షణమున నారి విడిచినచో బాణము ముంజేతిలోనికి గాని, అరచేతిలోనికి గాని దూసికొని పోవును. కార్బను బాణమైనచో దిమ్మకు తగిలి పగిలి, సూదులవంటి పేళ్లుగా మాంసములో దిగబడును. ఏ రెస్టును ఈ ప్రమాదమును ఆపజాలదు. ఆపునది బాణపు పొడవు ఒక్కటే. అభ్యాసకుడు నారిని పూర్తిగా లాగి నిలిచినపుడు ములికి రెస్టునకు ముందు కనీసము రెండంగుళములు మిగిలి యుండవలెను. ఎదుగుచున్న పిల్లవానికి అంతకంటె ఎక్కువ యున్నను నష్టము లేదు. బాణము కొంచెము బరువగును, అంతే. ఈ కొలత శిక్షకుని యెదుట, గురిపలక ముందు, ప్రక్కనుండి మఱియొకరు చూచుచుండగా తీయవలెను. ఇంటిలో గదిలో నిలుచుండి తీయరాదు. ఆఱు మాసముల కొకమాఱు తప్పక తీయుడు. అన్న వాడిన బాణములు తమ్మునికి పనికివచ్చును గాని, తమ్ముని బాణములు అన్నకు ఇయ్యరాదు.

అమర్చు పద్ధతిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. రికర్వు వింటికి మొదట నారి ఎక్కించి, నారికిని పట్టుకును నడుమనున్న దూరమును విల్లు చేసినవారు చెప్పిన కొలతకు తేవలెను. నారిని మెలిపెట్టినచో ఈ దూరము పెరుగును, మెలి విప్పినచో తగ్గును. ఇది తేలక ముందు రెస్టును ముట్టుకొనుట వ్యర్థము. పిదప అతికించు చోటును స్పిరిటుతో తుడిచి ఆఱనిచ్చి, బాణపు కాడ నడుమ భాగము బటను నడుమకు ఆనునట్లు రెస్టును అతికింపవలెను. పైనుండి చూచినపుడు రెస్టు తీగె కాడ వెడల్పును దాటి బయటకు పొడుచుకొని రాగూడదు. వచ్చినచో ఈక తగులును. నారిపై బాణము తొడుగు గుర్తును, రెస్టునుండి నారికి గీచిన లంబరేఖకు 3 నుండి 9 మిల్లీమీటర్ల వఱకు పైన నుంచవలెను. దీనికి అంగడిలో లంబకోణపు కొలబద్ద దొఱకును. మన వడ్రంగుల మూలమట్టమువంటిదే. గుర్తు మఱీ క్రిందికున్నచో బాణపు తోక రెస్టును కొట్టుకొని పైకెగురును. చివరగా, విల్లును నిలువుగా ఆనించి వెనుకనుండి ఒక కంటితో చూచి, నారి రెండు బద్దల నడుమగా కనబడునట్లు నిలువవలెను. కుడిచేతివాని బాణపు ములికి నారికి కొంచెము ఎడమగా కనబడవలెను. బాణము వంగి వింటిని తప్పుకొనుటకు ఆ కొంచెపు చోటు కావలెను.

కాంపౌండు వింటికి ఈ ఎడమ వాటము అక్కఱలేదు. బాణము నారి తీరుననే తిన్నగా ఉండవలెను. పెక్కు విండ్లకు దిమ్మనుండి కాడ నడుమకు 13/16 అంగుళము, అనగా సుమారు 21 మిల్లీమీటర్లు, ఆరంభమునకు తగిన దూరము. ఎత్తు విషయమున, దిమ్మకు గల బోల్టు రంధ్రము నడుమగా కాడ పోవునట్లు, నారికి లంబముగా గాని, తోక 3 మిల్లీమీటర్లు పైకి గాని ఉంచి మొదలిడుదురు.

అమర్చిన తరువాత పరీక్ష. మొదట ఈకలు దేనినైన తగులుచున్నవేమో చూడవలెను. దీనికి విలువైన సాధన మేదియు వలదు; మన ఇండ్లలో ముఖమునకు పూయు పౌడరే చాలును. రెస్టుమీదను దాని చుట్టును పలుచగా చల్లి ఒక బాణము విడిచినచో, తగిలిన చోట పౌడరు చెఱిగి గీత కనబడును. ఆపైన ఈకలు తీసిన బాణము నొకదానిని, ఈకలు గలవానిని మూటిని పదునెనిమిది మీటర్ల దూరమునుండి ఒక్క గురికి కొట్టి చూచుదురు. ఈకలు బాణపు తప్పును దిద్దును. ఈకలు లేనిది తప్పును దాచక చెప్పును. అది మిగిలినవానికంటె పైన తగిలినచో నారిపై గుర్తు క్రిందికున్నదని అర్థము. క్రింద తగిలినచో గుర్తు పైకున్నది. వ్రేళ్లతో విడుచు కుడిచేతివానికి అది ఎడమకు పోయినచో కాడ బిరుసు, కుడికి పోయినచో మెతక. బిరుసైనచో బటను స్ప్రింగును కొంచెము వదులు చేయవచ్చును. ఒక్క మాఱు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. ఎత్తును, ప్రక్కను, స్ప్రింగును ఒక్కసారి కదిపినచో దేనివలన ఏమి జరిగినదో బ్రహ్మకైనను తెలియదు. ఇంకొక సంగతి. పిల్లవాని బాణములు గురిపలకపై చెల్లాచెదరుగా పడుచున్న దినములలో ఈ పరీక్ష చేయుట నిరర్థకము. వాని చేయి కుదురుకొన్న తరువాతనే రెస్టు మాట వినబడును.

బాణము తొడుగకుండ నారిని లాగి వదలరాదని పిల్లలకు ఇంట కూడ చెప్పుడు. బాణము మోసికొని పోవలసిన బలమంతయు వింటి బద్దలమీదనే పడి అవి పగులవచ్చును. కాంపౌండు విల్లు విషయమున ఇది మఱింత ప్రమాదము. కార్బను బాణములను అభ్యాసమునకు ముందు ఒక్కొక్కదానిని రెండు చేతులతో కొంచెము వంచి, చెవియొద్ద పెట్టి వినవలెను. చిటపట మన్నచో దానిని అప్పుడే పాఱవేయుడు.

అతికించిన రెస్టులకు మన వేసవి పడదు. ఎండలో నిలిపిన కారులోగాని, రేకుల కప్పు క్రిందగాని విల్లును ఉంచినచో జిగురు మెత్తబడి రెస్టు కొంచెము కొంచెముగా క్రిందికి జాఱును. కంటికి తెలియదు గాని గురికి తెలియును. రెస్టు చుట్టును పెన్సిలుతో సన్నని గీత గీచి యుంచినచో జాఱినది వెంటనే పట్టుబడును. పిల్లవాని పెట్టెలో అదే రకపు రెస్టు మఱియొకటి, చిన్న స్పిరిటు సీసా, ఒక పెన్సిలు ఉంచి పంపుడు.